గోడ బిగిసిన కోట

అనగనగా ఒక కొండవాగు. ఆ వాగులో నాచు పట్టిన రాయి. ఆ రాయి మీద, కంటికి ఆననంత చిన్న కోట. మీ బళ్ళో బాక్టీరియా అంటారటగా, అదేనమ్మా. మనకది నలుసు కూడా కాదు, లోపలున్నవాళ్ళకి అదే రాజ్యం. దాని ఒంటి చుట్టూ ఉండే పల్చటి పొరే కోటగోడ. రాయితో కట్టింది కాదు, మట్టితో కట్టింది కాదు, కొవ్వుతో కట్టింది. ఊ కొడుతున్నారా? కొట్టండి, లేకపోతే చెప్పే నాకూ భయమేస్తుంది.

ఆ గోడ కట్టే ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు నూకాలు. అత్త పేరు సింహాచలం. కొవ్వుపోగులు తెచ్చి గోడలో పేర్చడమే వాళ్ళ పని. నిటారు పోగులు పేరిస్తే ఒకదాన్నొకటి హత్తుకుని, నెయ్యి పేరుకున్నట్టు గోడ గట్టిపడుతుంది. పోగుని నడుం దగ్గర వంచి పేరిస్తే ఎడంఎడంగా నిలబడి, గోడ నూనెలా మెత్తగా కదులుతుంది. పుట్టింట్లో నూకాలు ఆ వంచే పనే నేర్చుకుంది. అత్తింట్లో మాత్రం పోగు వంచబోతే అత్త చెయ్యి పట్టేసుకుంది.

ఎందుకనుకున్నారు? వెనకటి ఎండాకాలంలో సింహాచలం పెద్దకొడుకు వంపు పోగులు ఎక్కువ వేసేశాడు. ఎండకి గోడ జావలా జారిపోయింది. లోపలి ఉప్పు బయటికి, బయటి నీళ్ళు లోపలికి. గోడలో పడిన కంతలోంచి ఆ కొడుకు వాగులోకి కొట్టుకుపోయాడు. తల్లి చేతిలో పైపంచ ఒక్కటే మిగిలింది. ఆనాటి నుంచి రాజు ఆజ్ఞ, పోగు వంచినవాళ్ళని గోడ అవతలికి తోసెయ్యమని.

తర్వాత పుష్యమాసం వచ్చింది. అబ్బ, ఏం చలనుకున్నారు! వాగునీళ్ళు సూదుల్లా గుచ్చుతున్నాయి. గోడలో పోగులన్నీ ఒకదాన్నొకటి నొక్కుకుని బిగిసిపోయాయి. గోడ బిగిసి తలుపు కదల్లేదు. తలుపు కదలక తిండి రాలేదు. తిండి రాక పొయ్యి వెలగలేదు. పొయ్యి వెలగక పిల్లలు ఏడవనైనా లేదు, ఊరికే చూస్తూ కూచున్నారు. తలుపుల కాపలావాళ్ళు చెయ్యి చాచినవాళ్ళు చాచినట్టే ఉండిపోయారు.

అప్పుడు వినపడింది నూకాలుకి. పిట్... పిట్... పక్క రాయి మీది కోట గోడ చిట్లుతోంది. అవతల్నించి ఎవరో ఆడమనిషి, ‘అమ్మా, ఎవరన్నా ఉన్నారా’ అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. తర్వాత పిలవలేదు.

వంచితే రాజు తోసేస్తాడు, వంచకపోతే చలి చంపేస్తుంది. నూకాలు పళ్ళ బిగువున లేచి గోడ దగ్గరికి పోయింది. ఒక పోగు వంచి పెట్టింది. ఏం కాలేదు. ఇంకోటి వంచింది. ఏం కాలేదు. గోడలో ఎక్కడో పిట్ మంది, ఈసారి తమదే. ఏడుస్తూ వంచింది, వంచుతూ ఏడ్చింది.

ఇంతలో భటులొచ్చి రెక్క పట్టుకుని ఈడ్చారు. వెనకాలే రాజు. గోడకి వీపానించి కూచుని ఉంది సింహాచలం. వీపు వెనక ఏదో సడలినట్టయింది. పక్కన తలుపు కిర్రుమని, ఇంత తిండి లోపలికి జారింది.

అత్త లేచి అడ్డం నిలబడింది. “దాన్ని తోసేదైతే ముందు నన్ను తొయ్యండి!”

“తప్పుకో సింహాచలం. నీ కొడుకుని మింగింది ఆ వంపే కదా?” అన్నాడు రాజు.

“మింగింది. ఇవాళ మనల్ని మింగేది ఈ బిగువు. నువ్వే చూడు బాబూ,” అంటూ రాజు చెయ్యి లాగి గోడ మీద పెట్టింది. నూకాలు వంచినచోట గోడ మెల్లగా కదులుతోంది. పక్కన చెయ్యేస్తే రాయి. నూకాలుని వదిలెయ్యమని రాజు భటులకి సైగ చేశాడు. తనూ వచ్చి పోగులందించాడు. అందరూ అందించారు, నూకాలు వంచింది. తలుపులు తెరుచుకున్నాయి, పొయ్యిలు రాజుకున్నాయి, పిల్లలు ఏడుపందుకున్నారు. ఆ ఏడుపు విని తల్లులు నవ్వారు.

అయిపోయిందనుకున్నారా? పడుకోకండి, ఊ కొట్టండి. ఎండలు ముదిరాయి. వాగునీళ్ళు వేడెక్కాయి. గోడ మళ్ళీ జావలా ఊగడం మొదలెట్టింది. సింహాచలం కాళ్ళ దగ్గర నీటిచుక్క ఊరింది. కొడుకు పోయినచోటే! ఆవిడ కొయ్యబారిపోయింది.

“అత్తా, వంగినవి మళ్ళీ నిటారు కావు! కొత్తవి, నిటారువి అందుకో!” అని అరిచింది నూకాలు.

అత్త కదల్లేదు. నూకాలు ఆవిడ చేతిలో పోగు పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని తనే కంతలోకి నెట్టింది. ఒకటి, ఇంకోటి, ఆ పక్కన ఇంకోటి. నీటిచుక్క ఆగింది. అప్పుడు ఏడ్చింది సింహాచలం, కొడుకు పోయిననాడు ఏడవలేనిదంతా, కోడలి భుజం మీద.

రాజు తన ఆజ్ఞ తీసేశాడు. అత్తకి గోడ నాడి చూసే పని ఇచ్చాడు. గోడ బిగుస్తుంటే ‘వంచవే అమ్మా’ అంటుంది, సడలుతుంటే ‘ఆపవే తల్లీ’ అంటుంది. కోడలు అలాగే చేస్తుంది. చలొచ్చినా ఎండొచ్చినా అందరూ చల్లగా ఉన్నారు. కాబట్టి పిల్లలూ, ఎప్పుడు వంగాలో ఎప్పుడు నిలబడాలో ఇంట్లో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోవాలి.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.