ముందే కాసిన పందెం

ఆ కోటలో పేకాటకి కూర్చుంటే మొదటి పందెం దొరదే. ఆయన కాశాకే మిగతావాళ్ళు నోరు విప్పాలి. ఉప్పు అమ్ముకునే పోలయ్య నిన్నటి ఆటలో తన గాడిద చుక్కిని పందెం కాసి దొర చేతిలో ఓడిపోయాడు. దాన్ని తిరిగి గెలుచుకుందామని ఇవాళ మళ్ళీ వచ్చాడు.

ముక్కలు పంచారో లేదో, పోలయ్య గబుక్కున అనేశాడు.

"చుక్కికి ఎదురు నా గుడిసె కాస్తున్నా దొరా!"

దొర ఉలిక్కిపడ్డాడు. తనకంటే ముందు కాశాడంటే వీడికి ఎంత గొప్ప ముక్కలు పడి ఉండాలి! "చుక్కిని తోలుకుపో" అంటూ తన ముక్కలు కింద పడేశాడు.

తీరా చూస్తే పోలయ్యవన్నీ చెత్త ముక్కలే.

దొర పగలబడి నవ్వాడు. "ఓరి నీ గుండె బంగారంగానూ! గుడిసె పోతే ఎక్కడ పడుకునేవాడివిరా?"

"నిన్న రాత్రి పడుకున్నచోటే దొరా. మీ పశువులశాలలో, చుక్కి పక్కన."