లసుమయ్య సారు నేర్చుకున్న చరణం

"జానపదం. రచయిత తెలియదు."

పల్లెపాటల సంకలనంలో మా లసుమయ్య సారు పాట కింద అచ్చయిన మాటలివి. నలభై ఏళ్లుగా పాటలు కట్టిన మనిషి. బీడీ కార్మికుల మీద ఆయన కట్టిన ఆ పాట తెలియని ఊరు మా జిల్లాలో లేదు. ఆయన శిష్యుణ్ని నేను. ఒళ్లు మండిపోయింది.

"ఇది సాంస్కృతిక దోపిడీ సార్! చెమట దోచినోళ్లే పేరును గూడ దోస్తున్నరు. అచ్చేసినోళ్లకు ఉత్తరం రాసుకొచ్చిన, సంతకం పెట్టుండ్రి. ఈ వారంల రెండో ముద్రణ. ఇప్పుడు పోతే మీ పేరు ఇగ పోయినట్టే."

సారు ఉత్తరం మొత్తం చదివాడు.

"మస్తు రాసినవ్‌రా. చెప్పులేసుకో."

బీడీలు చుట్టే వాడకు తీసుకుపోయాడు. ఒక అరుగు మీద నలుగురు ఆడవాళ్లు ఒళ్లో చేటలు పెట్టుకుని తునికాకు కత్తిరిస్తున్నారు. వాళ్లలో పెద్దామె పోసవ్వ పాడుతోంది. సారు పాటే. మిగతావాళ్లు కత్తెర ఆపకుండా అందుకుంటున్నారు.

సారు అరుగు కింద నేల మీద కూర్చుని గొంతు కలిపాడు.

పోసవ్వ ఆగిపోయింది. "తప్పు పాడుతున్నవే అన్నా. రాగం గట్ల గుంజొద్దు, మా చెయ్యి ఆగుతది."

నేను ఉండబట్టలేకపోయాను. "ఈ పాట కట్టిందే ఈయన!"

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. "మా అత్త పాడంగ నేర్చిన బిడ్డా," అంది పోసవ్వ. "గీయన మా అత్తకు ఏమైతడు?"

సారు నా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "పోరడు, ఇడిచిపెట్టు చెల్లె. మూడో చరణం మల్లొక్కసారి చెప్పు."

ఆమె చెప్పింది.

"ఆకు కోస్తె అంచులన్ని పొయ్యిలకు,
నన్ను కోస్తె నా బిడ్డ బడిలకు."

సారు రాసిన మూడో చరణంలో అంచుల్లేవు, పొయ్యి లేదు, బిడ్డ లేదు. జెండా ఉంది.

సారు మూడుసార్లు తప్పాడు. ఆమె మూడుసార్లు దిద్దింది. నాలుగోసారి ఆయన గొంతు కత్తెరల వెంట నడిచింది.

"గిప్పుడు వచ్చింది," అంది పోసవ్వ.

సారు ముఖం చూశాను. పెద్ద సభల్లో శాలువాలు కప్పినప్పుడు కూడా ఆ ముఖంలో ఆ వెలుగు చూడలేదు.

తిరుగుదారి పట్టాం. చివరికి మెల్లగా అడిగాను.

"మరి మీ పేరు, సార్?"

ఆయన ఇంకా ఆ చరణాన్నే గొణుక్కుంటున్నాడు. చటుక్కున ఆగాడు.

"ఆమె అత్తది ఏ ఊరో అడగనేలేదురా. ఆడ ఇంకెట్ల పాడుతున్నరో!" అంటూ వెనక్కి తిరిగాడు.