గలగలమన్న పెట్టె

ఏ పటంలోనూ దొరకని కొండవల్లి రాజ్యాన్ని వెనకటికి రణభీకర భూపతి అనే రాజుగారు ఏలేవారు. పేరు విని జడుసుకోకండి. ఆయన జన్మలో యుద్ధం చూసి ఎరగరు. ఆయన గొప్పంతా టపాలో ఉంది.

ఆ టపా పరుగు మీద నడిచేది. జవాను గజ్జెల కర్ర ఆడిస్తూ పరుగెత్తుకొస్తుంటే, తర్వాతి మజిలీవాడు ఆగి నిలబడేవాడు కాదు. వాడూ ముందుగానే పరుగందుకునేవాడు. వెనకవాడు సంచి విసరాలి, ముందువాడు పట్టుకోవాలి. వాడు పట్టుకుంటే సరే, లేకపోతే నేల పట్టుకునేది. పగిలే సరుకైతే పెట్టెకు ఎర్రగుడ్డ చుట్టి అదనపు సుంకం పుచ్చుకునేవారు. ఎర్రగుడ్డ పెట్టెను కూడా విసిరేవారు. కాకపోతే విసిరేముందు "జాగ్రత్తరోయ్!" అని అరిచేవారు.

మరి పగిలితే పరిహారం లేదా అంటారేమో. లేకేం, ఉంది. రాజుగారే స్వయంగా ఆలోచించి టపా చావడి ముందు రాతిపలక మీద శాసనం చెక్కించారు. విప్పిన పెట్టెకు పరిహారం చెల్లదు. విప్పని పెట్టెలో సరుకు పగిలిందనడానికి రుజువు లేదు గనుక దానికీ చెల్లదు.

ఇన్నేళ్ళలో ఒక్కరికైనా పరిహారం ఇవ్వాల్సి రాలేదు. "చూశారా, మా టపాలో ఏదీ పగలదు!" అని రాజుగారు మీసం దువ్వేవారు. సభవారు చప్పట్లు కొట్టేవారు. చప్పట్లు కొట్టడానికే జీతాలు తీసుకునేవాళ్ళు ఇంకేం చేస్తారు?

ఒక ఆషాఢంలో గాజులమ్మే సూరాంబ ఆ సభకు వచ్చింది. పేటలో చిన్న కొట్టు ఆమెది. శ్రావణమాసం నోములకు ఊరి ఆడవాళ్ళంతా ఆమె దగ్గరే గాజులు వేయించుకునేవారు. ఏడాది తిండి ఆ నెల బేరంలోనే రావాలి. అందుకని చెవుల కమ్మలు తాకట్టు పెట్టి, దూరపు బట్టీ నుంచి పెట్టెడు గాజులు టపాలో తెప్పించుకుంది. జవాను భుజం మీంచి దిగుతూనే ఆ పెట్టె గలగలమంది. వీధి వీధంతా విన్నది. విప్పి చూస్తే ఒక్క గాజు గుండ్రంగా లేదు.

"పెట్టె విప్పావా?" అన్నారు రాజుగారు.

"విప్పాను మారాజా. విప్పకపోతే పగిలినయ్యని నాకెట్టా తెలుస్తది?"

"అదే మేమూ అంటున్నాం. విప్పకముందు పగిలినట్టు నీకు తెలియదు. విప్పాక తెలిసింది. అంటే విప్పడంవల్లే పగిలాయన్నమాట!"

సభ దద్దరిల్లింది. సూరాంబకు మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు. "మారాజా, ఈ శ్రావణానికి కొట్టు మూసుకోవాల్సిందే. ఆపైన ఏం తిని బతకాలి?" అంది. ఆ ప్రశ్నకు శాసనంలో జవాబు లేదు గనుక రాజుగారు వినిపించుకోలేదు.

రాజుగారిని నవ్వించడమే కొలువుగా ఉన్న అక్కిరాజు అక్కడే ఉన్నాడు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు అతనే. కొడుతూ కొడుతూ సూరాంబ ముఖం చూశాడు, అతని చేతులు ఆగిపోయాయి. ఆమె వెంటే బయటికి నడిచి, "అమ్మా, కొట్టు మూయకు. కొంచెం ఓపిక పట్టు" అని చెప్పి వెళ్ళాడు.

కొన్నాళ్ళకు రాజుగారి పుట్టినరోజు వచ్చింది. సముద్రం ఒడ్డున రాజ్యమేలే మామగారు అల్లుడికి గాజు నెమలిని కానుకగా పంపారు. సాయంత్రం తానూ వస్తున్నాననీ, నెమలిని సింహాసనం పక్కన చూడాలనీ కబురు పెట్టారు. ఆ మామగారు సామాన్యుడు కాదు. అల్లుడు తన పక్కన నిలబడి తుమ్మాడని ఏళ్ళ తరబడి మాట మానేసిన మనిషి.

నిండు సభలోకి జవాను రొప్పుతూ వచ్చి ఎర్రగుడ్డ పెట్టె దించాడు. పెట్టె గలగలమంది.

రాజుగారి ముఖం పాలిపోయింది. "విప్పండి, విప్పండి!" అన్నారు.

అక్కిరాజు పరుగున వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. "ఆగండి ప్రభూ! ఎంతమాట! విప్పితే పగిలిపోదూ? పగలగొట్టింది ఏలినవారే అవుతారు. మామగారికి ఏం జవాబు చెబుతారు?"

"అయితే విప్పొద్దు."

"చిత్తం. విప్పనంతకాలం నెమలి క్షేమం. మామగారు అడిగితే పెట్టె చూపించి, లోపల హాయిగా ఉందని చెప్పండి."

"గలగలమంటోంది కదయ్యా!"

"నెమలి అన్నాక కూయదా ప్రభూ?"

రాజుగారు పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపారు.

"ఊపకండి! ఊపినట్టు సాక్షులు తయారవుతారు" అన్నాడు అక్కిరాజు.

రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. సింహాసనం మీంచి లేచి నిలబడ్డారు. "జవాను భుజం మీంచి దిగుతూనే గలగలమన్న పెట్టె ఇది! సభంతా విన్నది! పగిలింది టపాలోనే. దీనికి వేరే రుజువేమిటి?"

"ఇక ఏమీ అక్కర్లేదు ప్రభూ" అని అక్కిరాజు చేతులు జోడించాడు. "సూరాంబ పెట్టె కూడా అలాగే దిగింది. వీధంతా విన్నది."

చప్పట్లు కొట్టాలో వద్దో సభలో ఎవరికీ తెలియలేదు. రాజుగారు మీసం మీద చెయ్యి వేసి, దువ్వకుండానే తీసేశారు. "ఆమె గాజులకు పూర్తి పరిహారం ఇప్పించండి. ఆ రాతిపలక పీకించండి" అన్నారు.

"ఇప్పుడు విప్పవచ్చు ప్రభూ" అన్నాడు అక్కిరాజు.

విప్పారు. దూది పొత్తిళ్ళలో నెమలి నిక్షేపంగా ఉంది. పెట్టె అడుగున గుప్పెడు చింతపిక్కలు.

రాజుగారికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. దాంతోపాటు గర్వమూ లేచి వచ్చింది. "చూశావా అక్కిరాజూ! మా టపాలో ఏదీ పగలదని చెప్పానా లేదా?"

"టపాలో రాలేదు ప్రభూ. సరిహద్దు నుంచి బండిలో నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెచ్చాను. జవాను మోసింది కోటగుమ్మం నుంచే. ఆ చింతపిక్కలు టపా మర్యాద కోసం నేనే పోశాను."

"అదేం? టపాకే వదిలేయకపోయావా?"

"నిజంగా పగిలితే తమరికి నవ్వు రాదు కదా, ప్రభూ!"

రాజుగారు ముందు పళ్ళు కొరికారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. అక్కిరాజుకు పట్టుశాలువా కప్పి, సూరాంబను పిలిపించి పరిహారం తన చేతుల మీదుగానే ఇచ్చారు. ఇచ్చాక ఔదార్యం ఇంకాస్త పెరిగింది.

"సూరాంబా, ఇకనుంచి మా రాణివాసానికి గాజులు నీవే. కొత్త సరుకు రాగానే మా టపాలో పంపించు."

సూరాంబ కొంగు సర్దుకుంది. "నేనే నడిచి తెచ్చిస్తాను మారాజా" అంది.

ఈసారి సభ కంటే ముందు రాజుగారే నవ్వారు.