చదివి వినిపించగా

పరదేశి మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు వెంటనే వచ్చేది కాదు, వాయిదా పడేది. "చూద్దాంలే" అని కళ్ళజోడు తుడుచుకునేవారు, అంతే. లా కాలేజీలో మాకు మూడేళ్ళు పాఠం చెప్పారాయన. ఆ మూడేళ్ళలో ఆయన సూటిగా జవాబివ్వగా విన్నవాడు ఒక్కడుంటే చూపించండి, ఈ వయసులోనైనా వంగి దండం పెడతాను.

ఏటా వేసవి సెలవుల్లో ఆయన పదిమంది విద్యార్థులను వెంటబెట్టుకుని పార్వతీపురం వైపు పల్లెలకు వెళ్ళేవారు. కోర్టు గుమ్మం తొక్కలేని వాళ్ళకి ఉచితంగా అర్జీలు రాసిపెట్టడం మా పని. ఆ ఏడు జీడివలస బడి వరండాలో దిగాం. ఊరి చుట్టూ జీడితోటలే. ఆ పళ్ళ ఘాటు వాసన, బడి నాపరాళ్ళ చల్లదనం, ఎవరింటి నుంచో రోజూ వచ్చే చోడంబలి ముంత, అన్నీ ఇప్పటికీ నా ఒంట్లోనే ఉన్నాయి. ఎంత హాయిగా ఉండేవాళ్ళమో! ఆ ఎండ కూడా ఎండలా అనిపించేది కాదు.

మూడోనాడు పొద్దున్న అంబలి తాగుతూ అడిగాను. "మాస్టారూ, మంచి వకీలుకి ముందు రావలసింది ఏమిటండీ? మాటా, రాతా?"

రెండూ నాకు దండిగా వచ్చునని నా ధీమా. ఆ సంగతి ఆయన నోట వినాలని ఆశ. మాస్టారు నావైపు చూసి, "చూద్దాంలే భుజంగరావూ" అన్నారు.

అంతలోనే, మర్నాడు ఎమ్మార్వోగారు స్వయంగా ఊరికొచ్చి అర్జీలు తీసుకుంటారని దండోరా వేశారు. దాంతో వరండా కిటకిటలాడిపోయింది. నేను రెచ్చిపోయి రాస్తున్నాను. మధ్యాహ్నానికి పద్నాలుగు అర్జీలయ్యాయి. పద్నాలుగోది సిన్నమ్మిది. అరవై ఏళ్ళ వితంతువు. కొండవాలున ఆమెకు అరెకరం జీడితోట ఉంది, ఏడాది పొడుగునా ఆమె తిండి అదే. తోటకి వెళ్ళే దారి మరిది అసిరయ్య పొలంలోంచి ఉంది. ఆయన దానికి అడ్డంగా ముళ్ళకంప వేశాడు. పళ్ళు రాలిపోతున్నాయి. తొలకరి పడేలోగా ఏరుకోకపోతే జీడిపిక్కలు నల్లబడి ఎందుకూ పనికిరావు.

ఇంతవరకూ విన్నాను. ఆమె ఇంకా ఏదో చెప్పబోతుంటే, "తెలిసిందిలే అమ్మా, నాకొదిలెయ్యి" అని కలం అందుకున్నాను. అబ్బో, ఏం రాశాననుకున్నారు! దౌర్జన్యం, దురుద్దేశం, నేరపూరిత బెదిరింపు, ఉమ్మడి ఆస్తిలో సగభాగం పంపకం, ప్రతివాదిపై క్రిమినల్ చర్య. రెండున్నర పేజీలు. ఆఖర్న అన్ని అర్జీలకీ రాసినట్టే, "చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకుని వేలిముద్ర వేసినది" అని ముక్తాయించాను. సిరాపెట్టె ఆమె ముందుకు తోశాను.

వెనకనుంచి మాస్టారి చెయ్యి వచ్చి ఆ పెట్టె మూత పెట్టింది. ఆయన నా కాగితంలో ఆఖరి వాక్యం మీద వేలు ఆనించి, "చదువు" అన్నారు.

చదివాను. కోర్టులో వాదిస్తున్నట్టే గొంతు పెంచి మరీ చదివాను. సిన్నమ్మి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా వింది. మధ్యలో రెండుసార్లు కళ్ళొత్తుకుంది. నా రాతకి అంత బలం ఉందని లోలోపల మురిసిపోయాను. చదవడం అయ్యాక ఆమె మెల్లగా అడిగింది.

"ఆ ఆడకూతురు ఎవులు బాబూ? పాపం, ఎంత కట్టమొచ్చినాదో!"

వరండాలో ఒక్కరూ నవ్వలేదు. కాగితం కిందికి దించాను. "నువ్వేనమ్మా" అన్నాను.

"నానా?" సిన్నమ్మి లేచి నిలబడింది. "అయిబాబోయ్! మా మరిదిని జైల్లో ఎట్టమని నానెప్పుడన్నాను? నా పెళ్ళినాటికి ఆడు ఇంతోడు. నా సంక దిగీవోడు కాడు. మేకలొచ్చి సేను మేసేత్తన్నాయని కంపేసుకున్నాడు. ఏసుకోనీ. నాను ఎళ్ళొచ్చీటంత సందిమ్మంటే మొకం తిప్పుకున్నాడు. అదే రాయమన్నాను. పంపకాలేటి, నాకేటి?"

మాస్టారు తెల్లకాగితం నా ముందు పెట్టారు. ఈసారి ఆమె చెబుతుంటే రాశాను. నాలుగు వాక్యాలు. చదివి వినిపిస్తే, "అదీ! అది నా మాట" అని తనే సిరాపెట్టె తెరిచి వేలు అద్దుకుంది.

"ఎమ్మార్వోగారికి రేపు ఇద్దువుగాని. ముందు దీన్ని అసిరయ్యకి చదివి వినిపించిరా" అన్నారు మాస్టారు.

సిన్నమ్మి వెంట వెళ్ళాను. అసిరయ్య వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. వదిన కాగితం రాయిస్తోందని ఊళ్ళోవాళ్ళు అప్పుడే చేరేసినట్టున్నారు, మనిషి ముఖంలో నెత్తురుచుక్క లేదు. నాలుగు వాక్యాలూ విన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. విని, "ఇంతేనేటి వదినా? నన్ను కోరటుకెక్కించేత్తన్నావనుకున్నాను" అన్నాడు. కండువాతో ముఖం తుడుచుకుని పొలంవైపు నడిచాడు. మేం వెళ్ళేసరికి వట్టి చేతులతోనే కంప పీకుతున్నాడు. ఆ సందుకి అడ్డంగా తడిక కట్టుకుంటానని, తీసి వెళ్ళాక మళ్ళీ మూసెయ్యమని ఆమెకు మాత్రం గట్టిగా చెప్పాడు.

నేను గెంతుకుంటూ వరండాకి వచ్చాను. మాస్టారు మిగిలిన పదమూడు అర్జీలూ నా చేతిలో పెట్టారు. అన్నిటి చివరా అదే వాక్యం, నా ముత్యాల్లాంటి అక్షరాల్లో. ఆ సాయంత్రమంతా గుమ్మం గుమ్మం తిరిగి చదివి వినిపించాను. పదమూడింటిలో తొమ్మిది తిరగరాశాను. ఎంత సిగ్గుపడ్డానో నాకే తెలుసు.

ఊరు విడిచే రోజున సిన్నమ్మి బస్సు దగ్గరికి వచ్చి నా ఒడినిండా జీడిపళ్ళు పోసింది. తింటుంటే రసం కారి నా తెల్లచొక్కా మీద పడింది. జీడిపండు మరక ఎన్ని ఉతుకులకీ పోదు. అది నాకున్న ఒకే ఒక్క మంచి చొక్కా, కోర్టుకని అమ్మ దాచి దాచి కుట్టించింది. "అయ్యో" అంటూ చేతిరుమాలు తడిపి రుద్దుతున్నాను.

మాస్టారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఉండనీ భుజంగరావూ. పైన నల్లకోటు వేసుకుంటావుగా, ఎవరికీ కనిపించదు. నీకు తెలిస్తే చాలు."