పై మెట్టుకేసి చూసే "ని"

ఒకప్పుడు పాట ఎక్కడ ఆగినా ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. స్వరాలన్నీ ఓ కొండ మెట్ల మీద, ఒకదానికొకటి సమాన దూరంలో, దేని మెట్టు మీద అది హాయిగా ఉండేవి.

కింది మెట్టు నెమలి తాతది. ఆయన "స" అనేవాడు. ఆ పైన ఎద్దు "రి", మేక "గ", కొంగ "మ", కోయిల "ప", గుర్రం "ద". ఏడో మెట్టు మీద ఓ గున్న ఏనుగు. తల్లి లేని పిల్ల, కూత కూడా రాదు. ఎనిమిదో మెట్టు ఖాళీ.

రోజూ పొద్దుగూకేవేళ నెమలి తాత అందరినీ పలకరిస్తూ మెట్లెక్కి, ఆ ఖాళీ మెట్టు మీద పురి విప్పి "సా" అనేవాడు. అది వింటేనే గున్నకి నిద్ర పట్టేది.

ఓ ఏడు వానల్లేవు. మబ్బుని పిలుచుకొస్తానని తాత బయల్దేరాడు. గున్న వెంటపడ్డాడు.

"నిలు, నాయనా. ఆ పై మెట్టు మీదుగానే వస్తాను" అన్నాడు తాత.

గున్న నిలిచాడు. ఎక్కడ మరిచిపోతాడోనని ఆ మాటే అనుకుంటూ కూర్చున్నాడు, పిచ్చి సన్నాసి. నిలు, నిలు అని అని నోరు అలిసిపోయి, చివరికి "ని" ఒక్కటే మిగిలింది.

తాత ఇక రాడనీ, తన దగ్గర కాస్త ఎండుగడ్డి ఉంది దిగి రమ్మనీ ఎద్దు నచ్చజెప్పింది. వాడు దిగలేదు. పైగా రోజుకింత పైకి జరిగాడు. పై మెట్టు అంచుకి ఆనుకుని, తొండమెత్తి "ని" అనేవాడు. అది విన్నాక కొండ మీద ఎవరికీ ముద్ద దిగేది కాదు.

ఓ సాయంత్రం ఉరిమింది. పై మెట్టు మీద తాత తడుస్తూ నిలబడ్డాడు. తోక ఈకలు సగం రాలిపోయాయి, గొంతు బొంగురుపోయింది. అయినా "సా" అన్నాడు. గున్న ఏడ్చేశాడు.

"నీ మెట్టు వదిలి ఇంత దగ్గరికొచ్చావేంరా?" అని అడిగాడు తాత.

"నువ్వు నడిచే దూరం కాస్త తగ్గుతుందని."

అప్పటినుంచే ఏనుగు ఘీంకరించేటప్పుడు తొండం పైకెత్తుతుంది. అప్పటినుంచే "ని" వెళ్ళి "సా" పక్కనే నిలబడుతుంది, పాట "ని" దగ్గర ఆగిపోతే మనకి ఉండబట్టదు.

మా అమ్మకీ సంగతి బాగా తెలుసు. అన్నం వేళకి వంటింట్లోంచి "స రి గ మ ప ద ని" అని పాడి ఆపేసేది. వీధిలో ఆడుకుంటున్న మేం "సా" అని అరుస్తూ ఇంట్లోకి పరుగెత్తేవాళ్ళం. ఇప్పుడు అమ్మ లేదు. ఎవరైనా "ని" దగ్గర ఆపితే మాత్రం, ఈ వయసులోనూ నా కాళ్ళు ఇంటివైపే తిరుగుతాయి.