తలలో దూరిన సముద్రపు గుర్రం

ఒకప్పుడు మనుషులకు నిన్న అనేదే లేదు. నిద్రపోయి లేస్తే చాలు, అంతా మరచిపోయేవాళ్లు. ఇంటి తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా రోజూ కొత్తగా తెలుసుకోవాల్సిందే!

ఒకరోజు పోలమ్మ అనే చిన్నపిల్ల వాళ్లమ్మ సముద్రపు ఒడ్డున వల బాగుచేస్తూ ఇసుకలో కాసేపు కునుకు తీసింది. లేచి కూతుర్ని ఎగాదిగా చూసింది.

"ఎవరి గుంటవే నువ్వు?"

"నేనే అమ్మా! పొద్దున నాకు జడేశావు కదా!"

"జడా? నేనా?"

పోలమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుంది. "నేనూ పడుకుంటే అమ్మ నాకూ గుర్తుండదు. నేనసలు నిద్రేపోను!"

వలలో చిక్కిన సముద్రపు గుర్రం ఆ మాట వింది. "ఎన్నాళ్లు మేలుకుంటావే పిచ్చిపిల్లా? నన్ను విడిపించు. మీ అమ్మ తలలో ఏముందో చూసొస్తా."

పోలమ్మ విడిపించింది. తల్లి నిద్రపోగానే గుర్రం ఆమె చెవిలోంచి లోపలికి దూరింది.

లోపల మడతలు మడతలుగా పెద్ద కొండ. దాని ముందు బాదంగింజంత కాపలావాడు గంతులేస్తున్నాడు. "పిల్ల ఏడుపు! గుండె అదిరిపోయింది! ముందు ఇది పట్టుకెళ్లు!"

గుర్రం ఆ ఏడుపును తోకతో చుట్టి కొండ దగ్గరికి తెచ్చింది. "దాచుకో."

"చోటుకేం కొదవ? కానీ ఒక్కసారికి నాకేదీ అంటదు" అని కొండ ఆవులించింది. ఏడుపు జారి కింద పడింది.

తెల్లారాక తల్లి మళ్లీ, "ఎవరి గుంటవే?" అంది.

గుర్రానికి రోషం వచ్చింది. "నేను నాన్నని! పిల్లల్ని పొట్టసంచిలో మోసి పెంచినవాణ్ణి. దీన్ని మోయలేనా?"

ఆ ఏడుపును సంచిలో పెట్టుకుంది. తల్లి పడుకున్నప్పుడల్లా కొండెక్కింది.

"మళ్లీ వచ్చావా?"

"వచ్చాను. రేపూ వస్తాను."

వెళ్లిన ప్రతిసారీ కొండ మడత కొంచెం కొంచెం విచ్చుకుంది.

బయట పోలమ్మ కళ్లు మూతలు పడుతున్నాయి. "లే పోలమ్మా!" అంటూ సముద్రం ఆమె మొహాన నీళ్లు కొట్టింది. పాపం, చివరికి పోలమ్మ నిద్రపోయింది.

మర్నాడు లేచి, ఎదురుగా ఉన్న మనిషిని బెదురుగా చూసింది. "నువ్వెవరు?"

ఆ మనిషి ఆమెను ఒళ్లోకి లాక్కుంది. "మీ అమ్మనే, పోలమ్మా! పొద్దున నీకు నేనే జడేశానని చెప్పి అంత ఏడ్చావు కదే. రా, మళ్లీ వేస్తాను."

ఆమె చెవిలోంచి గుర్రం పొంగిపోతూ తొంగిచూసింది. తన పిల్లల్ని తలకొకరిగా పంపింది. మొదటిది పోలమ్మకే.

అప్పటినుంచే మన తలల్లో ఆ చిన్ని గుర్రాలు, మనం నిద్రపోయాక, పగటి సంగతులను మళ్లీ మళ్లీ కొండెక్కిస్తున్నాయి. గుండె అదరగొట్టినవి ముందు వెళ్తాయి. పొద్దున్నే అమ్మ మనల్ని పేరు పెట్టి లేపుతోందంటే, ఆమె తలలోని గుర్రం అలసిపోలేదన్నమాట.