అంచున తెగిన నక్షత్రం

బందరులో మా మహిమమ్మ గారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆవిడ వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ముందు చేతికి ఒక పని ఇస్తారు. చిక్కుడుకాయలకు ఈనెలు తీయమంటారు, లేదా చిరిగిన పాటల పుస్తకాలకు అట్టలు వేయమంటారు. ఆ పని అయ్యేలోపు జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఇంకో పని. ఆవిడ దగ్గర బైబిలు వాక్యం నేర్చుకునే ఆడవాళ్ళమంతా ఈ పద్ధతికి లోలోపల విసుక్కున్నవాళ్ళమే. నేనైతే పైకే విసుక్కునేదాన్ని.

ఆ డిసెంబరులో, ఆవిడ ఇంటి వసారాలో అందరం క్రిస్మస్ కార్డులు చేస్తుంటే కెజియా అడిగింది. "అమ్మగారూ, నోరు జారి అన్న మాటను లేకుండా చేసుకునే దారి ఏదైనా ఉందా?"

ఎవరిని ఏమన్నదో అక్కడున్న అందరికీ తెలుసు. కెజియా కూతురి బాప్తిస్మం విందులో పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, తోడికోడలు హెప్సిబా ఎత్తుకుని ఊరుకోబెట్టబోయింది. పెళ్ళయి చాలా ఏళ్ళయినా హెప్సిబాకు పిల్లలు లేరు. కెజియా గబగబా వచ్చి, "ఇలా ఇవ్వక్కా, కన్నవాళ్ళు ఎత్తుకుంటే ఊరుకుంటుందిలే" అని పిల్లను లాక్కున్నంత పని చేసింది. తొందరలో అన్నదో, మనసులో ఉన్నదే బయటపడిందో దేవుడికే తెలియాలి. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళంతా విన్నారు. హెప్సిబా అన్నం తినకుండానే వెళ్ళిపోయింది. మళ్ళీ గుడికి రాలేదు, ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు, కెజియా ఫోను చేస్తే ఎత్తలేదు. అన్నదమ్ములిద్దరూ ఎదురుపడితే తలలు తిప్పుకునేదాకా వచ్చింది.

మహిమమ్మ గారు ఒక కాగితాన్ని కెజియా వైపు జరిపారు. "హెప్సిబాకు ఇవ్వాల్సిన కార్డు ఇంకా కాలేదు. అది నువ్వు చెయ్యి" అన్నారు.

కెజియా ముఖం పాలిపోయింది. కార్డు చేయడానికి కాదు, ఇవ్వడానికి. క్రిస్మస్‌కు మా సంఘంలో ప్రతి ఇంటికీ మేం చేత్తో చేసిన కార్డు వెళుతుంది, ఎవరు చేసిన కార్డును వాళ్ళే ఆ ఇంటికి వెళ్ళి చేతికివ్వాలని ఆనవాయితీ. కాగితాలు పెడన నుంచి వస్తాయి. అక్కడ మాకు తెలిసిన కలంకారీ అద్దేవాళ్ళు కొత్త అచ్చును బట్ట మీద వేయకముందు కాగితం మీద వేసి చూసుకుంటారు, ఆ కాగితాలు మాకోసం దాచిపెడతారు. ఒకవైపు తీగలూ పువ్వులూ, రెండోవైపు తెలుపు. ఆ ఏడాదికి మిగిలింది ఎర్రమొగ్గల తీగ ఉన్న ఆ ఒక్క కాగితమే.

చేయడం పెద్ద విద్యేమీ కాదు. అచ్చు పైకి కనపడేలా కాగితాన్ని సగానికి మడిచి, మడత వైపున సగం నక్షత్రం కత్తిరించి విప్పితే, నడిమధ్య నిండు నక్షత్రం తెరుచుకుంటుంది. కానీ కెజియా మనసు ఆ వసారాలో ఉంటేగా. మడత ఒకవైపు ఉంటే, కత్తెరను రెండోవైపు, విడి అంచుల్లోకి నడిపించేసింది. విప్పి చూస్తే నడుమ ఏమీ లేదు. ఆ కొసన సగం, ఈ కొసన సగం, ఎలుక కొరికినట్టున్నాయి.

నేను నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా, "ఉన్న ఒక్క కాగితమూ పోయింది" అన్నాను.

కెజియా కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ కత్తెర పట్టుకుని, కొరికినట్టున్న అంచులు రెండూ నిటారుగా కోసెయ్యబోయింది. "కార్డు చిన్నదైనా ఫరవాలేదమ్మగారూ, తప్పు కనపడకపోతే చాలు" అంది.

మహిమమ్మ గారు కత్తెర మీద చెయ్యి వేశారు. "తీసెయ్యకు. ఆ కొసలు రెండిటినీ దగ్గరికి తీసుకురా" అన్నారు.

కెజియా ఎడమ కొసను నడిమి గీత దాకా మడిచింది. తర్వాత కుడి కొసను మడిచింది, రెండు తలుపులు దగ్గరికి వేసినట్టు. అంచూ అంచూ తాకాయి.

ఎర్రమొగ్గల మధ్య నిండు నక్షత్రం ఒకటి తెల్లగా నిలిచి ఉంది. దాన్ని ఎవరూ కోయలేదు. తప్పుగా తెగిన రెండు గంట్లు ఒకచోటికి వచ్చి అదయ్యాయి. ఇన్నేళ్ళుగా కాగితాలు మడుస్తున్నదాన్ని, అలా మడిస్తే అలాగే వస్తుందని ఆలోచిస్తే నాకూ తెలిసేదే. అయినా ఒళ్ళు జలదరించింది. నా పక్కనున్న సువార్తమ్మ, ప్రార్థన మొదలైనట్టు, కొంగు తలమీదికి లాక్కుంది.

ఒక్కటే లోపం. మొదట పడిన మడత గీత, లోపలి తెల్లదనం మీద, నక్షత్రం గుండా పైనుంచి కిందికి కనపడుతోంది. కెజియా గోటితో రుద్దింది, కొంగుతో అదిమింది. "ఇది పోవడం లేదమ్మగారూ" అంది.

"కాగితం కదమ్మా" అని ఆవిడ వేరే పనిలో పడ్డారు.

ఆదివారం ఆరాధన అయ్యాక కెజియా పిల్లను అత్తగారికి అప్పగించి బయలుదేరింది. తోడుగా మహిమమ్మ గారూ నేనూ వెళ్ళాం. తలుపు తీసిన హెప్సిబా మమ్మల్ని లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి కార్డు అందుకుంది. రెక్కలు తెరిచింది, నక్షత్రం రెండుగా విడిపోయింది. మూసింది, ఒక్కటయింది. అలా మళ్ళీ మళ్ళీ చేసింది. చివరికి నక్షత్రంలో వేలు పెట్టి, "మధ్యలో ఈ గీతేంటి?" అని అడిగింది.

కెజియా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. తప్పించుకుంటుందనే అనుకున్నాను.

"తప్పు వైపు కోశానక్కా. మొదటి మడత గీత అది. ఎంత రుద్దినా పోలేదు. ఆ రోజు నేనన్న మాట కూడా..." అంటూ ఆగిపోయింది.

హెప్సిబా తలెత్తలేదు. గీత మీద వేలు అలాగే ఉంది. ఇక తలుపు మూసేస్తుందనుకున్నాను.

"పిల్లని తీసుకురాలేదేం?" అంది హెప్సిబా. "వెళ్ళి తీసుకురా. అన్నాలు ఇక్కడే తిందురుగాని."

పిల్లకోసం కెజియా మా ఇద్దరికంటే ముందు గబగబా నడిచింది. సందు మలుపు తిరిగాక ఆగి, కళ్ళు తుడుచుకుంటూ, "అయితే ఆ మాట పోయినట్టేనా అమ్మగారూ?" అని అడిగింది.

మహిమమ్మ గారు ఆ పూట చేతికి పనేమీ ఇవ్వలేదు. "హెప్సిబా ఏం చూసి పిల్లని తెమ్మంది?" అన్నారు.

"ఆ గీతను చూసి."

"మరి దాన్ని పోగొట్టుకుంటానంటావేమిటమ్మా?"